టీచర్ గారి తుపాకీ రూల్సు

సమాధి కార్యక్రమంలో చర్చి అయ్యగారు ఆవిడని శాంతమూర్తి అన్నారు. సంఘమంతా ఆమేన్ అంది. నేను అనలేదు. ఆవిడ దగ్గర శాంతం ఉండేది, కాదనను. కానీ అది గాలం వేసి గట్టు మీద కూర్చున్నవాడి శాంతం. చేప కదిలేదాకా వాడు ఊపిరి కూడా గట్టిగా తీయడు.

ఆవిడ పేరు రాయను. ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయింది. బందరులో అందరికీ టీచర్ గారే. పెళ్ళి చేసుకోలేదు. చర్చిలో కుడివైపు మూడో బెంచీ, గోడ పక్క చోటు ఆవిడది. పాట మొదలైతే అందరి కంటే ఒక మాట ముందుండేది, వాద్యం వాయించే అబ్బాయి ఆవిణ్ణి అందుకోలేక చెమటలు కక్కేవాడు. వానాకాలం చర్చి గుమ్మంలో ఎవరైనా గొడుగు పైకెత్తి నీళ్ళు దులిపితే, "నోరు ఎటుంది? కిందకి పెట్టు" అనేది. ఆవిడకి గొడుగైనా, కర్రయినా, పళ్ళెంలో ఫోర్కయినా ఒకటే. మొన ఉన్న ప్రతిదానికీ నోరుందని, ఆ నోరు ఎప్పుడూ నేలని చూడాలని ఆవిడ నమ్మకం.

పోర్టు రోడ్డు మీద ఒక పాత ఉప్పు గోడౌనులో రైఫిల్ క్లబ్ నడిపేది. చిన్నప్పుడు ఎన్‌సీసీలో అబ్బిన విద్య. క్లబ్బంటే పెద్ద హంగేమీ లేదు. కొన్ని ఎయిర్ గన్లు, అవతలి గోడకి ఇసక బస్తాలు, వాటి ముందు గురి కాగితాలు. శనివారం సాయంత్రం తలుపు తీసే ముందు తాళం చేత్తో పట్టుకుని ప్రార్థన చేసేది: "ప్రభువా, ఈ ఇనుము మా చేతుల్లోనే ఉండనీ, మనసుల్లోకి రానీకు." హిందువులు, సాయిబులు అందరూ తలలు వంచేవాళ్ళు. వంచనివాడికి ఆ వారం తుపాకీ దొరకదని అందరికీ తెలుసు.

వాడేసిన గురి కాగితాలు పారెయ్యనిచ్చేది కాదు. వాటి వెనక తెల్లగా ఉంటుంది కదా, సండే స్కూలు పిల్లలకి బొమ్మలు వేసుకోవడానికి పట్టుకొచ్చేది. ప్రతి కాగితం మధ్యలో చిల్లులు. పిల్లలు ఆ చిల్లుల చుట్టూ సూర్యుణ్ణో, చేప కన్నునో, తూర్పు దేశపు జ్ఞానులకి దారి చూపిన నక్షత్రాన్నో గీసేవాళ్ళు. ఎక్కువ చిల్లులు పడ్డ కాగితం దొరికినవాడు ద్రాక్ష గుత్తి వేసేవాడు.

క్లబ్బు గోడ మీద నల్లబోర్డు ఉండేది. దాని మీద రూల్సు. సభ్యులు క్లబ్బు తుపాకీలే వాడాలి. సొంత తుపాకీ గేటు దాటి రాకూడదు. బల్లపరుపు మొన ఉన్న గుళ్ళే వాడాలి, సూదిమొన గుళ్ళు జేబులో కూడా ఉండకూడదు. ఒకసారి గుడివాడ నుంచి వచ్చే ఇంజినీరింగు కుర్రాడు అడిగాడు:

"సూదిమొన అయితే ఇంకా సూటిగా పోతుందటగా టీచర్ గారూ?"

"సూదిమొన తోలు చీల్చడానికి బాబూ. కాగితానికి తోలుందా?"

"లేదండీ."

"నీకుందిగా. అందుకే వద్దంటున్నా."

నన్ను క్లబ్బులో చేర్చింది ఆవిడే. ఎందుకు చేర్చిందో చెప్పాలంటే మా తమ్ముడి సంగతి చెప్పాలి.

మా తమ్ముడు కృత్తివెన్ను దగ్గర చేపల చెరువుల మీద కాపలా పని చేసేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రేకు డబ్బా వాయిస్తూ గట్ల మీద తిరిగి నీటికాకుల్ని తోలడం వాడి ఉద్యోగం. ఆ చెరువుల యజమాని బంటుమిల్లి వైపు పెద్ద ఆసామి. ఆయన్ని ఇక్కడ చెరువులాయన అంటాను. చెరువులాయనకి పిట్టల్ని కొట్టడం సరదా. స్నేహితుల్ని కారులో ఎక్కించుకుని గట్టు మీదకి వచ్చి ఎయిర్ గన్‌తో కాల్చేవాడు. ఒక మధ్యాహ్నం మా తమ్ముడు రేకుల షెడ్డులో తలుపు వేసుకుని అన్నం తింటున్నాడు. గుండు తలుపు దూసుకుని లోపలికి వచ్చింది. ఎడమ కన్ను పోయింది.

బందరు ఆసుపత్రికి మొదట వచ్చింది టీచర్ గారు. తర్వాత వచ్చినవాళ్ళంతా వస్తూనే ప్రార్థన చేశారు. ఆవిడ చెయ్యలేదు. డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి, తీసిన గుండు చూపించమని అడిగింది. అరచేతిలో వేసుకుని చూసి, "సూదిమొన" అంది. మర్నాడు బస్సెక్కి ఒక్కతే కృత్తివెన్ను వెళ్ళి ఆ షెడ్డు తలుపు చూసి వచ్చింది.

"తలుపు చెక్క అంగుళం మందం ఉందిరా అబ్బాయ్."

"అయితే ఏంటండీ?"

"పూర్వం చట్టంలో ఒక కొలత ఉండేది. అంగుళం మందం మెత్తటి చెక్కని దగ్గర నుంచి కొట్టినా చీల్చుకుని పోలేని ఎయిర్ గన్ అయితే ఆటవస్తువు, లైసెన్సు అక్కర్లేదు. చీల్చుకుని పోయిందా, అది తుపాకీయే. వాడు దాని స్ప్రింగు మార్పించాడు."

ఆవిడ చెప్పింది నిజమే, కానీ అప్పుడు పనికి రాలేదు. పోలీసులు అడిగితే చెరువులాయన ఇంకో ఎయిర్ గన్ తెచ్చి ఇచ్చాడు. పిల్లలు మామిడికాయలు కొట్టుకునేది. దాంతో ఆ గాయం అవదని తేల్చారు. ఎవరో పిట్టల వేటగాళ్ళ పని అయి ఉంటుందన్నారు. కారులో వచ్చిన స్నేహితులు ఏమీ చూడలేదన్నారు. చెరువులాయన మా ఇంటి గడప తొక్కలేదు. ఆయన గుమస్తా వచ్చి, "మా బాబుగారు చాలా బాధపడుతున్నారండీ" అని యాపిల్ పళ్ళు పెట్టి వెళ్ళాడు. ఆ పళ్ళు నేను మురిక్కాలవలో పోశాను.

నేను బైబిలు వాక్యంలో పెరిగినవాణ్ణి. మా నాన్న సంఘపెద్ద. శత్రువుని ప్రేమించమన్న మాట నాకు అక్షరాలు రాకముందే నోటికి వచ్చు. కానీ అదే వాక్యంలో శత్రువుల పళ్ళు విరగ్గొట్టమని మొరపెట్టిన భక్తులూ ఉన్నారు. ఆ రోజుల్లో నేను ఆ మొరలే పెట్టాను. ఆయన చెరువుల్లో చేపలు తెల్లారేసరికి వెల్లకిలా తేలాలని అడిగాను. ఆయన కంటికి చీకటి రావాలని అడిగాను. ప్రార్థన కూటంలో పైకే అడిగితే పక్కనున్నవాళ్ళు కళ్ళు తెరిచి చూశారు.

టీచర్ గారు బయట చెప్పులు తొడుక్కుంటూ అంది: "పగ దేవుడి పని అని రాసుంది. ఆయన పని ఆయన చేస్తాడు. మనం సాక్ష్యం సిద్ధం చెయ్యాలి. నీకు కోపంతో చెయ్యి వణుకుతోంది. వణికే చేత్తో ఏదీ తగలదు. శనివారం క్లబ్బుకి రా."

వెళ్ళాను. జిల్లా కోర్టు ఎదురుగా నాకు జిరాక్సు షాపు. శనివారం సాయంత్రాలు మూసేసి పోర్టు రోడ్డుకి వెళ్ళేవాణ్ణి. ఊపిరి సగం వదిలి ఆపడం, గురి మధ్య నల్లటి చుక్క తప్ప లోకంలో ఇంకేమీ చూడకపోవడం నేర్పింది. ఆ చుక్కకి నేను పెట్టుకున్న పేరు ఆవిడకి తెలుసు.

కొన్నేళ్ళు గడిచాక ఒక శనివారం చెరువులాయన క్లబ్బు గేటు ముందు కారు దిగాడు. అసలు రైఫిలుకి లైసెన్సు కావాలట. షూటింగు క్లబ్బు సభ్యుడైతే దరఖాస్తుకి బలం వస్తుందని ఎవరో చెప్పారట. ఆవిడ ఎదురెళ్ళి కుర్చీ వేసి, టీ తెప్పించి, సభ్యత్వం ఇచ్చింది.

ఆయన వెళ్ళేదాకా ఆగి అడిగాను: "ఎవరో తెలిసే ఇచ్చారా?"

"తెలిసే ఇచ్చా."

"ఎట్లా ఇచ్చారండీ? మా వాడి కన్ను..."

"బోర్డు చదువు. నా రూల్సన్నీ తుపాకీలకే. ఏ మనిషి రాకూడదో అందులో లేదు. అట్లా రాయడం మొదలుపెడితే ముందు నీ పేరు రాయాలి."

ఆయన వారం వారం వచ్చేవాడు. మంచి మాటకారి. అందరికీ బజ్జీలు తెప్పించేవాడు. నన్ను "ఏం బావా" అనేవాడు. నేనెవరో తెలిస్తే కదా? కాపలావాడి ఇంట్లోవాళ్ళ మొహాలు ఆయన ఎప్పుడు చూశాడు గనక. ఒక సాయంత్రం ఆయన నేల మీద చోట్లు విడదీసే గీతకి అవతల, నా పక్కనే నిలబడి కాలుస్తున్నాడు. గురి చూస్తున్న నా చెవిలో టీచర్ గారి గొంతు వినపడింది, చాలా మెల్లగా.

"నోరు ఎటుంది?"

చూసుకుంటే నా తుపాకీ మూతి బెత్తెడు పక్కకి జరిగి ఉంది. నేను జరిపానో, అదే జరిగిందో దేవుడికి తెలుసు. ఆవిడ గుళ్ళు తీయించి, తుపాకీ తీసుకుని, అందరి ముందూ చెప్పింది: "మూతి గీత దాటింది. ఇంక మళ్ళీ నేను పిలిచేదాకా నువ్వు రాకూడదు."

"పోనీలెండి టీచర్ గారండీ, ఏదో పరాకు పడ్డాడు" అన్నాడు చెరువులాయన. నా తరఫున! ఆ మాట విని బయటికి వచ్చాను. నన్ను వెళ్ళగొట్టి వాణ్ణి ఉంచుకుంది. ఆ తర్వాత చర్చిలో ఆవిడ ఉన్న వైపు కూర్చోవడం మానేశాను. ప్రభురాత్రి భోజనానికి ఆవిడ లేచి వెళ్తే నేను తలొంచుకుని, ఆవిడ తిరిగి వచ్చాక లేచేవాణ్ణి. నా మొరల్లో ఆవిడ పేరు కూడా చేరింది.

క్లబ్బు సంగతులు ఇంజినీరింగు కుర్రాడు చెప్తే తెలిసేవి. చెరువులాయనకి గురి కుదరడం లేదట. ఎప్పుడూ ఒకటే పాటట: "ఈ బొమ్మ తుపాకీలతో ఏం కొడతామండీ? ఇంట్లో నాదొకటి ఉంది. ఒక్కసారి తేనివ్వండి, చూద్దురు గాని." ఆవిడ ప్రతిసారీ బోర్డు వైపు వేలు చూపించేదట. క్లబ్బు తుపాకీలే. ఆయన బతిమాలాడు, వేళాకోళమాడాడు, ఒకసారి అలిగి బజ్జీలు కూడా తెప్పించలేదు. ఆవిడ వేలు దించలేదు. కాదన్నకొద్దీ ఆయనకి అదే ధ్యాస అయింది.

తర్వాత ఒకరోజు కుర్రాడు షాపుకి పరుగెత్తుకొచ్చాడు. "అన్నయ్యా, బోర్డు మారింది. సొంత ఎయిర్ గన్లు తెచ్చుకోవచ్చట! కాకపోతే చెక్క పరీక్షకి నిలవాలట. తెచ్చినవాళ్ళు లేచి నిలబడి అది ఎవరిదో, ఎప్పటిదో, ఇంకెవరు వాడారో అందరి ముందూ చెప్పాలట."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళుగా చెక్కుచెదరని రూలు ఒక డబ్బున్నవాడి కోసం చెరిపేసిందనుకున్నాను. ఆ సాయంత్రమే ఆవిడ షాపు ముందు రిక్షా దిగింది. లోపలికి రాలేదు.

"ఆదివారం ఆరాధన అయ్యాక తమ్ముణ్ణి తీసుకుని క్లబ్బుకి రా. వెనక వరసలో కూర్చోండి. నువ్వు నోరెత్తావంటే నీకూ నాకూ ఇంతటితో చెల్లు."

ఆదివారం గోడౌను నిండింది. ముందు వరసలో మామూలు చొక్కాలో ఎస్సై గారు కూర్చుని ఉన్నారు. తుపాకీల పరీక్ష చూడ్డానికి రమ్మని ఆవిడే పిలిచింది. ఇసక బస్తాల ముందు అంగుళం మందం చెక్కలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు సభ్యులు తమ ఎయిర్ గన్లు తెచ్చారు. ఒక్కొక్కరే లేచి, సంఘంలో సాక్ష్యం చెప్పినట్టే, "ఇది మా మావయ్య కొనిచ్చిందండీ" అని చెప్పి కాల్చారు. గుళ్ళు చెక్కలో దిగి ఆగిపోయాయి.

చెరువులాయన వంతు వచ్చింది. "ఇదేంటండీ టీచర్ గారూ, మీ చర్చిలో సాక్ష్యాల్లా పెట్టారు?" అని నవ్వుతూ లేచాడు. తోలు సంచిలోంచి తుపాకీ తీశాడు. కట్టె మీద నూనె మెరుస్తోంది. కాల్చాడు. చెక్కకి అవతల బస్తాలోంచి ఇసక జలజలా రాలింది. జనం చప్పట్లు కొట్టారు.

"ఇంకోసారి కొట్టండి బాబూ, వెనకవాళ్ళకి కనపడలేదు" అంది ఆవిడ.

సంతోషంగా కొట్టాడు. మళ్ళీ ఇసక. "చెప్పానా!" అన్నాడు జనం వైపు తిరిగి.

"ఇది మీదేనా అండీ?"

"నాది కాకపోతే ఎవరిదండీ!"

"ఎంత కాలంగా ఉంది?"

"మా రెండోవాడు పుట్టిన ఏడు కొన్నా. వాడిప్పుడు టెన్తు రాస్తున్నాడు. గుడివాడలో ఒకడి చేత స్ప్రింగు మార్పించా, అదండీ దీని బలం."

"మధ్యలో ఎవరికైనా ఇచ్చారా? పోయి దొరకడం గానీ?"

"మా ఆవిణ్ణి కూడా ముట్టుకోనివ్వనండీ!" అందరూ నవ్వారు.

"గుళ్ళేవి?"

జేబులోంచి డబ్బా తీసి మూత తీశాడు. సూదిమొనవి. "బల్లపరుపువి నీటికాక్కి చక్కిలిగిలి పెడతాయంతే."

ఆవిడ తుపాకీ రెండు చేతులా అందుకుని, మూతి నేలకి దించి పట్టుకుంది. "ఈ తుపాకీ ఈ క్లబ్బులో పనికిరాదు. ఇది ఎయిర్ గన్ కాదు. లైసెన్సు లేని తుపాకీ. ఎస్సై గారూ, మీరు విన్నారు. తలుపు వెనక అన్నం తింటున్నవాడు అదిగో, ఆ వెనక బెంచీలో ఉన్నాడు."

మా తమ్ముడు లేచి నిలబడ్డాడు. చెరువులాయన వాడి వైపు చూశాడు. మొహంలో భయం లేదు, సిగ్గూ లేదు. నిజంగానే అర్థం కానట్టు అడిగాడు:

"ఏ తలుపండీ?"

కన్ను తీసినందుకైనా మనిషిని క్షమించవచ్చునేమో. మర్చిపోయినందుకు క్షమించమని ఏ వాక్యంలో ఉందో నాకు ఎవరూ చూపించలేదు.

కేసు తిరిగి తెరిచారు. వాయిదా ఉన్న రోజుల్లో ఆయన కారు నా షాపు ముందే ఆగేది. ఎండలో కర్చీఫు నెత్తిన వేసుకుని వేపచెట్టు కింద నిలబడేవాడు. ఆ రోజుల్లో నేను అన్నానికి ఇంటికి వెళ్ళకుండా షాపులోనే తినేవాణ్ణి. ఆయన నిలబడి ఉండగా తిన్నంత రుచి ఇంకెప్పుడూ లేదు.

చెరువులాయన అయ్యగారి ద్వారా రాజీకి కబురు పెట్టాడు. అప్పటికి టీచర్ గారు కాళ్ళు పడిపోయి మంచంలో ఉంది. అయ్యగారితో పాటు ఆయన కూడా వచ్చి మంచం పక్క కుర్చీలో కూర్చున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. చెక్క విషయంలో తనకి సరిగ్గా గుర్తు లేదని ఆవిడ ఒక్క మాట కోర్టులో అంటే చాలట.

"క్షమించడం మన ధర్మం కదమ్మా" అన్నారు అయ్యగారు.

"క్షమించాను అయ్యగారండీ. ఆ మాట కోర్టులో కూడా చెప్తా. చెప్పాక తుపాకీ సంగతి కూడా చెప్తా." తర్వాత ఆయన వైపు తిరిగి, "బాబూ, కాఫీ తాగి వెళ్ళండి" అంది.

చక్రాల కుర్చీలో కోర్టుకి వచ్చింది. ఆయన తరఫు వకీలు తెలివైనవాడు. సొంత తుపాకీ తెమ్మని రూలు మార్చింది ఎవరని, ఎస్సైని పిలిచింది ఎవరని అడిగాడు. అన్నీ నేనే అంది. చివర్న గొంతు పెంచి, "అయితే ఇతని మీద మీకు పగ ఉందన్నమాట" అన్నాడు.

మా వకీలు కంగారుగా లేచాడు. దేవుని ఎదుట ప్రమాణం చేసి బోనులోకి వచ్చిన మనిషి ఆవిడ. కొంచెం కూడా తడుముకోలేదు.

"ఉందండీ. ఇతన్ని క్షమించానని అయ్యగారికి చెప్పా. అదీ నిజమే. పగా నిజమే. రోజూ పొద్దున్నే ప్రార్థనలో ఆ పగని దించుకుంటా, సాయంత్రానికి అది మళ్ళీ వస్తుంది. కానీ పగ నాకండీ. చెక్కకేం పగ?"

అదే ఆవిడ బయటికి వచ్చిన చివరిసారి. తీర్పు వినకుండానే కన్నుమూసింది. అందుకే సమాధి దగ్గర నాకు శాంతమూర్తి అన్న మాట రుచించలేదు. పగని దాచకుండా దేవుడికీ, జడ్జీకీ ఒకేలా చూపించిన మనిషికి అదేం పేరు?

మొన్న తీర్పు వచ్చింది. శిక్ష పడింది. పై కోర్టుకి వెళ్తాడట, వెళ్ళనీ. బయట వరండాలో చెరువులాయన మా తమ్ముడి ఎదురుగా వచ్చి రెండు చేతులూ జోడించాడు. పెదవులు కదులుతున్నాయి. తమ్ముడు కాసేపు ఆయన్ని చూసి, తల మెల్లగా తిప్పి, చూపు లేని కన్నుని ఆయన వైపు పెట్టి నిలబడ్డాడు. ఆయన చేతులు ఎంత సేపు జోడించినా ఆ కంటికి కనపడవు.

టీచర్ గారు ఉంటే "అంత పొగరేంట్రా" అనేదో, భుజం తట్టేదో నాకు తెలియదు. నేను మాత్రం "స్తోత్రం" అన్నాను. గట్టిగానే అన్నాను. వరండాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.